రసాభాసమనే కర్రతో కొట్టకండి

ఇద్దరు పురుషులో, ఇద్దరు స్త్రీలో ప్రేమించుకొని సుఖంగా ఉన్న కథలు చదివి సంతోషించానని నేననగానే మిత్రుల నుండి రెండు ఆక్షేపణలు వచ్చినవి. మొదటిది రసాభాసం. ఇది నాబోటి భాషాప్రవీణ పట్టాదారులది. రెండవది పలాయనవాదం. ఇది అభ్యుదయ విమర్శకులది. ముప్పై ఏళ్ళుగా ఏ సభలోనూ ఏకీభవించని ఈ ఇరుపక్షాలు ఇక్కడ చేతులు కలపడం చూడముచ్చటగానే ఉంది. కాని రెండు ఆక్షేపణలూ నిలిచేవి కావు. ఆ మాట చెప్పడానికే ఈ టపా.

ముందు ఆ కథల సంగతి. ట్రావిస్ బాల్డ్రీ అనే ఆయన 2022లో సొంతంగా ప్రచురించుకొన్న నవల ‘లెజెండ్స్ అండ్ లాటేస్’. అందులో వివ్ రాక్షసజాతి స్త్రీ. కత్తి తిప్పి తిప్పి విసిగి, ఆ కత్తిని గోడకు తగిలించి, కాఫీ అంటే ఏమిటో ఎరుగని ఊళ్ళో కాఫీకొట్టు పెడుతుంది. వడ్రంగిని కుదుర్చుకోవడం, రొట్టెలు కాల్చేవాణ్ణి వెతుక్కోవడం, గిరాకీ కోసం ఎదురుచూడడం, కథలో చాలాభాగం ఇంతే. పనికి చేరిన టాండ్రీతో స్నేహం ఏ పుటలో ప్రేమగా మారిందో వేలుపెట్టి చూపలేము. వచనంలో గొప్పతనమేమీ లేదు, ఆ మాట దాచను. టి.జె. క్లూన్ 2020లో వెలువరించిన ‘ది హౌస్ ఇన్ ద సెరూలియన్ సీ’ ఇంకొంచెం మేలు. అద్భుత శక్తులున్న అనాథబాలల ఆశ్రమాన్ని తనిఖీ చేయడానికి ఒక ద్వీపానికి వెళ్ళిన నడివయసు ప్రభుత్వోద్యోగి అక్కడి సంరక్షకునిపై మనసు పడతాడు. నా ఉద్యోగకాలంలో తనిఖీకి వచ్చినవారిని చాలామందిని చూశాను. ఇంత మెత్తబడి వెళ్ళినవారు ఒక్కరూ లేరు!

ఇక రసాభాసం. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు శృంగారంలో అనౌచిత్యాలకు పట్టిక ఇచ్చాడు. గురుపత్నిపై రతి, ఒక్కరికే ఉండి రెండవవారికి లేని రతి, నీచపాత్రల రతి, పశుపక్ష్యాదుల రతి మొదలైనవి అందులో ఉన్నవి. సమలింగ ప్రేమ ఆ పట్టికలో లేదు. లేదు కనుక ఆయన ఆమోదించాడని వాదించను. లేనిదాన్ని ఉన్నట్లు చూపి తీర్పు చెప్పడం శాస్త్రం కాదని మాత్రం అంటాను. ఉన్నవాటి గతి మాత్రం ఏమైంది? ప్రవరునికి లేని ప్రేమ వరూధినికి ఉంది. శాస్త్రప్రకారం అది రసాభాసమే. అయినా మనుచరిత్రలో మనం ఏరి కోరి పాఠం చెప్పినది ఆ ఘట్టమే కదా! గురుపత్ని కథను శేషము వేంకటపతి ‘తారాశశాంక విజయము’గా రాశాడు. వసుచరిత్రలో కోలాహలమనే కొండ శుక్తిమతి అనే నదిని మోహించింది. కొండకూ నదికీ చోటిచ్చిన సాహిత్యం ఇద్దరు మనుషులకు చోటివ్వలేకపోయిందంటే ఆ ఇరుకుతనం శాస్త్రానిది కాదు, మనది.

పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదవండి. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’లో మెచ్చి విమర్శించిన కావ్యమే అది. సుగాత్రీ శాలీనుల కథ జ్ఞాపకం ఉన్నదా? నగలు పెట్టుకొని వచ్చిన భార్యవైపు శాలీనుని మనసు పోదు. అతనికి పూలతోటే లోకం. ఆమె నగలు తీసిపెట్టి, అతని పక్కన తోటపని చేసి, చెమటోడ్చిన నాడు అతడు కరిగిపోతాడు. వివ్‌కూ టాండ్రీకీ కాఫీకొట్టులో జరిగినది ఇదే. పని పంచుకోవడంలో నుండి వలపు పుట్టడం! సూరన అక్కడితో ఆగలేదు. ఈ దంపతులే తరువాత మణిస్తంభుడు, సుముఖాసత్తి అవుతారు. స్త్రీత్వ పురుషత్వాలను ఒకరికొకరు మార్చుకొంటారు. అతడు తల్లి, ఆమె తండ్రి. వారి బిడ్డ కళాపూర్ణుడు. ఇది సమలింగ ప్రేమ కాదని ఒప్పుకొంటాను. కాని దేహాలు తారుమారైనా చెక్కుచెదరని అనురాగం అది. పదహారవ శతాబ్దపు కవి దానికి శిక్ష వేయలేదు, కన్నీరు పెట్టించలేదు, పైగా దానితోనే కథానాయకుణ్ణి పుట్టించాడు.

అభ్యుదయ మిత్రులకు చెప్పవలసినది వేరు. కరుణ నిరపేక్షమనీ, విప్రలంభం సాపేక్షమనీ భరతుడు గీత గీశాడు. మొదటిదానిలో మళ్ళీ కలుస్తామన్న ఆశ తెగిపోతుంది, రెండవదానిలో మిగులుతుంది. మన తెలుగులో ఈ ప్రేమికుల వాటా ఏమిటి? సినిమాలో వెకిలి హాస్యం. గంభీరమైన కథలో చావో, బలవంతపు పెళ్ళో, ఊరు విడిచిన రైలో. మినహాయింపులు లేవనను. కాని వారిపై సానుభూతి ఉన్న రచయిత కూడా వారికి కరుణనే కేటాయిస్తాడు, విప్రలంభమైనా దక్కనివ్వడు. సంభోగశృంగారం మాట సరేసరి. ఏ పాఠకుడైనా పుస్తకం తెరిచిన ప్రతిసారీ తన శవాన్నే చూడవలసి వస్తే ఎంతకాలం చదువుతాడు? ఈ మెత్తని కథలు అతనికి ఆ ఆశను తిరిగి ఇస్తున్నవి. వాటి ఆకర్షణ అంతా అక్కడ ఉంది.

దీనినే పలాయనం అంటున్నారు. దేని నుండి? నేనుండేది పాతబస్తీలో. నిజాం ప్రభుత్వం ఈ నగరంలో 1329 ఫస్లీలో, అనగా 1919లో, ఒక చట్టం చేసింది. అనుమానితులైన హిజ్రాల పేర్లూ నివాసాలూ రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరులో ఉన్నవారు స్త్రీవేషంతో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది 2023 జూలైలో. దేశమంతటికీ వర్తించిన 377వ సెక్షనులో పరస్పర సమ్మతి ఉన్న పెద్దల సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పినది 2018 సెప్టెంబరు 6న. వివాహహక్కు కోరుతూ వెళ్ళిన అర్జీదారులలో హైదరాబాదుకు చెందిన ఇద్దరు పురుషులున్నారు. 2023 అక్టోబరు 17న ఆ కోర్టే అది తాను ఇవ్వగలిగినది కాదన్నది.

ఇప్పుడు క్లూన్ నవలను మళ్ళీ చూడండి. అక్కడా రిజిస్టరు ఉన్నది. అద్భుత శక్తులున్నవారు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. కథానాయకుడు ఆ కాగితాలు మోసే ఉద్యోగే. చివరకు ఆ ఉద్యోగం వదిలి, ఆ పిల్లల ఇంటికి తిరిగివస్తాడు. ఇది లోకం నుండి పారిపోవడమైతే, లోకాన్ని ఎదుర్కోవడమంటే ఏమిటో మిత్రులే సెలవియ్యాలి. చందమామలో రాక్షసులనూ మాంత్రికులనూ పిల్లలకు చదివి వినిపించినప్పుడు ఈ పలాయనవాదం ఎవరికీ గుర్తురాలేదు.

చక్కెర మరీ ఎక్కువైన పుస్తకాలూ ఈ కోవలో చాలా ఉన్నవట. ఉండవచ్చు. వాటిని విమర్శించండి, ఏ పుస్తకాన్నైనా విమర్శించినట్లే. పాత్రలలో లోతు లేదనండి, సంఘర్షణ చాలలేదనండి, వింటాను.

నా కోరిక వేరే ఉంది. చార్మినారు చుట్టుపక్కల ఇరానీ హోటళ్ళు ఇన్ని ఉండగా, రాత్రి మూసేవేళ జిన్నులు వచ్చి చాయ్ తాగే ఒక హోటలూ, దాన్ని నడిపే ఇద్దరు మనుషులూ, వారి మధ్య గల్లాపెట్టె దగ్గర పుట్టిన వలపూ తెలుగులో ఎవరైనా రాయరాదా? వయసులో ఉన్నవారు, కథ చెప్పడం తెలిసినవారు మీలో చాలామంది ఉన్నారు. రాస్తే నాకు పంపండి. అచ్చుతప్పులు దిద్దే పని నాది.