ఎగువన వాన, దిగువన బురద

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో భారీ వాన పడితే మరునాడు అందరూ మాట్లాడుకునేది ట్రాఫిక్ గురించే. బయోడైవర్సిటీ కూడలిలో ఎంతసేపు ఆగిపోయారు, ఐకియా దగ్గర నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి, కంపెనీలు ఉద్యోగులను విడతలవారీగా ఇళ్లకు పంపాయా లేదా అన్నదే చర్చ. రోడ్డు ఆరగానే ఆ చర్చ కూడా ముగుస్తుంది. ఆ రోడ్ల మీద నుంచి జారిన నీరు ఎక్కడికి పోయింది, ఎవరి ఇంట్లో ఎన్నాళ్లు నిలిచింది, దాన్ని తోడిపోసిన ఖర్చు ఎవరి నెత్తిన పడింది అన్నది ఎవరికీ పట్టదు. వరద తర్వాతి రోజుల గురించి నిజాయితీగా మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ సాయంత్రానికి హైదరాబాద్ మీద విరుచుకుపడింది. 24 గంటల్లో బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసింది. అక్టోబరు నెలలో అంత వాన నగరం వందేళ్లలో చూడలేదు. రాష్ట్రం మొత్తం మీద 70 మంది చనిపోతే అందులో 33 మంది జీహెచ్‌ఎంసీ పరిధిలోని వారేనని ప్రభుత్వం ప్రకటించింది. కరోనా వల్ల మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులు నెలల తరబడి దాదాపు ఖాళీగా ఉన్నాయి. ఉద్యోగులు ఇళ్ల నుంచే పనిచేస్తున్నారు. కాబట్టి ఆ ఏడాది వరద వచ్చింది ఇంట్లోకే కాదు, ఆఫీసులోకి కూడా. కరెంటు పోయింది, నెట్ పోయింది. ఆఫీసు కట్టడం మాత్రం ఎగువన పొడిగా నిలబడి ఉంది.

దిగువన టోలిచౌకి పక్కన నదీం కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. షా హాతిం తలాబ్‌ను ఆనుకుని ఉన్న పల్లం అది. కింది అంతస్తుల వాళ్లు పై అంతస్తులకు చేరారు, పడవల్లో తిండి, మంచినీళ్లు అందాయి. క్యాబ్ నడిపేవాళ్లు, సెక్యూరిటీ డ్యూటీలకు, హౌస్‌కీపింగ్ పనులకు కారిడార్‌కు వెళ్లేవాళ్లు టోలిచౌకి చుట్టుపక్కల చాలామంది ఉంటారు. పొద్దున పనికి ఏ దారిన ఎగువకు వెళ్తారో, వాన పడితే ఆ ఎగువ నీరు దాదాపు అదే దారిన వాళ్ల ఇళ్ల వైపు దిగుతుంది.

హైటెక్ సిటీది చదును నేల కాదు. గుట్టల మధ్య పల్లాలు, పల్లాలకు అడ్డంగా కట్టలు, ఒక చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండే గొలుసుకట్టు ఏర్పాటు ఇది. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు ఇందులో ఒక కొలికి. దాని మిగులు నీరు మల్కం చెరువుకు, అక్కడి నుంచి షేక్‌పేట, టోలిచౌకి పల్లాల మీదుగా మూసీ వైపు సాగాలి. రాళ్లూ మట్టీ ఉన్నప్పుడు కొంత వాన నేలలోకి ఇంకేది, కొంత నింపాదిగా నడిచేది. ఇప్పుడు ఆ నేల మీద కాంక్రీటు కప్పులు, పార్కింగ్ అరలు, ఆరు వరుసల రోడ్లు. పడిన చినుకు పడినట్టే కిందికి పరుగెడుతోంది. దారిలో నాలా సన్నబడింది, కుంట చిక్కిపోయింది. నదీం కాలనీలో నిలిచిన నీటిలో ఎగువ టవర్ల కప్పుల మీద కురిసిన నీరూ ఉంది. ఈ మాట సూటిగా చెప్పుకోనంత కాలం ఏ పునరావాసమూ సగానికి మించి సాగదు.

కారిడార్ ఉద్యోగులు దీనికి అతీతులేమీ కాదు. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుట్ అపార్ట్‌మెంట్లను తుర్క చెరువు నీరు చుట్టుముట్టినప్పుడు అక్కడా పడవలే దిక్కయ్యాయి. ఆ ఫ్లాట్లు కొన్నవారిలో ఐటీ జీతాల మీద ఇరవై ఏళ్ల అప్పు తెచ్చుకున్నవాళ్లు ఎందరో.

ఇలాంటి చోట నీరు తీశాక అసలు పని సెల్లార్‌లో మొదలవుతుంది. కరెంటు ప్యానల్ అక్కడే, జనరేటర్ అక్కడే, లిఫ్ట్ గుంత అక్కడే, మంచినీళ్ల సంపు అక్కడే. సంపులోకి డ్రైనేజీ కలిస్తే తోడి, కడిగి, బ్లీచింగ్ చల్లేదాకా చుక్క నీరు వాడరాదు. ప్యానల్ ఆరకముందే స్విచ్ వేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. మునిగిన కారును ఆత్రంగా స్టార్ట్ చేస్తే నీళ్లు చొరబడి ఇంజన్ పాడైపోతుంది. ఇంజన్‌కు విడిగా రక్షణ తీసుకోనివారికి మామూలు బీమా ఆ నష్టాన్ని చాలాసార్లు ఇవ్వదు. ఇవన్నీ సంఘం ఉన్న అపార్ట్‌మెంట్లో చందాలు వేసుకుని గట్టెక్కే కష్టాలు. అదే సెల్లార్‌లో గది కట్టుకుని ఉండే వాచ్‌మన్ కుటుంబానికి బియ్యం, పరుపు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. సంఘం సమావేశంలో లిఫ్ట్ మోటారు ఖర్చు చర్చకు వస్తుంది, వాళ్ల నష్టం చర్చకు రాదు. కిరాయి ఇంటి సంగతీ అంతే. ఇల్లు యజమానిది, సామాను కిరాయిదారుది. గోడకు రంగు వేస్తే ఇల్లు కోలుకున్నట్టే కనిపిస్తుంది, కిరాయిదారు మాత్రం ఫ్రిజ్ వాయిదాలు కడుతూనే ఉంటాడు.

2020లో తెలంగాణ ప్రభుత్వం వరద తాకిన ప్రతి కుటుంబానికి రూ.10,000 ప్రకటించి, రూ.550 కోట్లు విడుదల చేసి, వారం తిరగకుండానే పంపిణీ మొదలుపెట్టింది. ఆ వేగాన్ని మెచ్చుకోవాలి. కానీ పంపిణీ చేతి నగదుగా సాగింది, అందనివారు మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు, బల్దియా ఎన్నికల ప్రకటన రావడంతో నవంబరు 18న ఎన్నికల సంఘం దాన్ని ఆపించింది. మోకాలి లోతు నీరు వచ్చినవారికీ, ఇల్లంతా మునిగినవారికీ చేతికి అందింది ఒకే మొత్తం. కూలిన ఇళ్లకు వేరే సాయం ఉంది గానీ, గోడలు నిలిచి సామానంతా కొట్టుకుపోయినవారికి ఆ తేడా దక్కలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటింటి నష్టం నమోదు చేసి, నీళ్లలో మునిగిన కింది అంతస్తుకు రూ.25,000, పై అంతస్తులకు రూ.10,000 లెక్కన ఇచ్చింది. ఫైరింజన్లతో ఇళ్లలోని బురద కడిగించింది. బురద ఎండి గట్టిపడితే పారకు కూడా లొంగదు కాబట్టి, మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చిన ఫైరింజన్ తర్వాత వచ్చే డబ్బుకన్నా ఒక్కోసారి ఎక్కువ మేలు చేస్తుంది. హైదరాబాద్ విజయవాడ నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. నేర్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం అమెరికాలోని హ్యూస్టన్ వైపు చూడాలి. 2017 ఆగస్టులో హార్వే హరికేన్ వచ్చినప్పుడు ఆడిక్స్, బార్కర్ జలాశయాలకు ఎగువన వేల ఇళ్లు మునిగాయి. జలాశయం నిండితే నీరు పరుచుకునే నేలలోనే కాలనీలు లేచాయి. మన మాటల్లో చెప్పాలంటే చెరువు నిండే హద్దులో, అంటే ఎఫ్‌టీఎల్‌లో ఇళ్లు. ప్రభుత్వ జలాశయం నిలిపిన నీరు కాబట్టి ప్రభుత్వమే బాధ్యత వహించాలని ఇంటివాళ్లు దావా వేశారు. 2019 డిసెంబరులో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు వాళ్ల వాదనను ఒప్పుకుంది. పదేపదే మునిగే ఇళ్లను ప్రభుత్వమే కొని, నేలను నీటికి వదిలేసే పథకం కూడా అక్కడి కౌంటీ నడుపుతోంది. ఇక్కడేమో అనుమతి ఇచ్చిన అధికారి, లేఅవుట్ వేసిన వ్యాపారి, రిజిస్టర్ చేసిన కార్యాలయం ఎవరూ వరద రోజున కనపడరు. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువు అంచుల్లో కట్టడాలు కూల్చింది. కబ్జా తొలగాల్సిందే. అయితే అనుమతి పత్రం చూసి కొన్న చిన్న ఇంటివాడికి పరిహారం ఇవ్వకుండా కూల్చడం వరదకు తోడు ఇంకో వరదే.

నగరానికి మెరుగైన జ్ఞాపకం లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ దాదాపు 15,000 మందిని మింగింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. దిగువన మునిగిన ఊరికి మందు ఎగువన కట్టారు. 2020 తర్వాత వచ్చిన నాలాల అభివృద్ధి పథకంలో దాదాపు రూ.985 కోట్లతో పనులు మొదలై నాలాలు వెడల్పయ్యాయి, రక్షణ గోడలు లేచాయి. అవసరమైన పనే. కానీ వెడల్పు చేసిన నాలా నీటిని మరింత వేగంగా కిందికి పంపుతుంది, నిలపదు. ఈ మధ్య ఖైరతాబాద్, సోమాజిగూడ వైపు రోడ్ల కింద కట్టిన వాననీటి సంపులు నీటిని నిలిపేవే అయినా, వాటి మొదటి లక్ష్యం రోడ్డు ఖాళీ చేయడం.

ఐటీ కారిడార్ తన నీటిని తానే నిలుపుకోవాలి. లక్షల చదరపు అడుగుల టవరుకు అనుమతి ఇచ్చేటప్పుడు కార్లకు చోటెంత అని అడిగినట్టే, గంటలో కురిసే వానను ఎక్కడ ఆపుతారని కూడా అడగాలి. ఆపలేని నీటికి రుసుము కట్టించి, అదే గొలుసులో కింద ఉన్న కాలనీల పేరిట ముందుగానే నిధి జమ చేయాలి. వాన వెలిసిన వారంలోగా, సున్నం పూతలు పడకముందే, సాగునీటి శాఖ ఇంజనీరూ జీహెచ్‌ఎంసీ సిబ్బందీ కలిసి గోడల మీది నీటి చారలను ఇంటింటికీ కొలిచి, ఏ చెరువు నీరో ఒక పుస్తకంలో రాసి, కిరాయిదారు పేరును, సెల్లార్‌లో ఉన్న కుటుంబం పేరును అందులో చేర్చాలి. సాయం ఆ పుస్తకం ప్రకారం బ్యాంకు ఖాతాకు పోవాలి. దుర్గం చెరువు పరివాహకంలో ఇకపై లేచే ప్రతి టవరు ఫైలులో కూడా ఆ పుస్తకంలోని నదీం కాలనీ పేజీ జతచేసి ఉండాలి.