తయారీ భిలాయిలో, కొలువు రైల్వేలో

భిలాయి ఉక్కు కర్మాగారం భారతీయ రైల్వేకు పట్టాలు సరఫరా చేస్తుంది. ఆ ఉక్కు నగరపు బాస్కెట్‌బాల్ మైదానం సైతం రైల్వే జట్టుకు క్రీడాకారిణులను అందించింది. ఛత్తీస్‌గఢ్ మహిళల జట్టు వైభవానికి, అనంతర నిరాశకు మూలం ఇక్కడే ఉంది.

2000లో రాష్ట్రం ఏర్పడిన తరువాత, శిక్షకుడు రాజేశ్ పటేల్ కృషితో భిలాయి దేశంలో ప్రముఖ శిక్షణ కేంద్రంగా ఎదిగింది. అంజు లక్రా, సీమా సింగ్, 6 అడుగుల 11 అంగుళాల పూనమ్ చతుర్వేది వంటివారు ఇక్కడ రాటుదేలారు. 2018లో పటేల్ మరణం తీరని లోటు.

అయితే లోటు ఒక్క వ్యక్తిది కాదు. ఈ క్రీడలో జీవనోపాధి అంటే ప్రభుత్వ రంగ ఉద్యోగమే. కొలువిచ్చిన సంస్థ తరఫునే క్రీడాకారిణి బరిలోకి దిగుతుంది. ఫలితంగా సొంత రాష్ట్రం తన శిష్యురాళ్లతోనే తలపడవలసి వస్తుంది. జాతీయ సీనియర్ మహిళల పోటీల్లో రైల్వే ఆధిపత్యానికి ఇదే పునాది.

ప్రొఫెషనల్ లీగ్ ఈ సమతూకాన్ని మార్చగలదన్న ఆశ ఫలించలేదు. 2010లో బాస్కెట్‌బాల్ సమాఖ్య ఐఎంజీ-రిలయన్స్‌తో 30 ఏళ్ల ఒప్పందం చేసుకున్నా లీగ్ రూపుదాల్చలేదు. 2015లో మొదలైన యూబీఏ పురుషుల లీగ్ 2017తో ముగిసింది. హైదరాబాద్‌కు అందులో జట్టు దక్కింది, భిలాయికి దక్కలేదు.

ఓటమికి ఆటగాళ్లను నిందించడం తేలిక. శిక్షణ ఇచ్చిన ఊళ్లోనే ఉపాధి చూపనంతవరకు, భిలాయి మైదానంలో ప్రతి తరమూ మళ్లీ మొదటి నుంచే ఆరంభం కావాలి.