సాఫ్ట్‌బాల్ గ్లౌజు ఎంపిక

బేసుల నడిమి దూరము 60 అడుగులే అయిన సాఫ్ట్‌బాల్ క్రీడయందు, నేలబారున దూసికొనివచ్చు బంతిని పట్టుటకంటె, దానిని గ్లౌజునుండి తక్షణమే తీసి విసరుటయే రెండవ బేసునొద్ద నిలుచు బాలికకును, షార్ట్‌స్టాప్‌నకును కఠినతరమైన కార్యము. కావున మితిమీరి లోతైన గ్లౌజు వారికి భారమే, సుమారు 11.5 మొదలు 12.5 అంగుళముల వరకు కొలత గలిగి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ తెరపియున్న అల్లిక గలది శ్రేష్ఠము. చుట్టుకొలత 9 అంగుళములైన బేస్‌బాల్ కొరకు కుట్టినది 12 అంగుళముల సాఫ్ట్‌బాల్‌కు చాలదు.

రంగుటంచులను చూచి మురియువారు క్షమింతురు గాక, తోలును, తాళ్లను పరీక్షింపని కొనుగోలు వ్యర్థము. మూలపేట వంటి తీరగ్రామములలో ఉప్పుగాలికిని, ఇసుకకును నాసి తోలు చిరకాలము నిలువదు. తడిసినదానిని ఎండలో వేసినచో బిరుసెక్కి పగులును. నీడనార్చి, మధ్యలో బంతినుంచి గుడ్డతో కట్టవలయును.

పాఠశాలలకు ఒకే కొలతవి డజనుకొలది కొను పద్ధతి నాకు సమ్మతము గాదు. వ్యాయామోపాధ్యాయులారా, ఆడు బాలికచేతికి తొడిగించి, ఆమె దానిని అనాయాసముగా మూయగలిగిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.