ఆ ఏడాది ఏమైంది?

కోటంతా నిద్రలో ఉంది. కాపలావాళ్లు మెట్ల మీదే కూలబడ్డారు, పనివాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఒరిగిపోయారు. మోర్గానా ఒక్కతే మెలకువగా, భయంతో వణికిపోతూ తిరుగుతోంది. ఈ నిద్రకు మూలం తనేనని, మోర్గాస్ అనే మంత్రగత్తె తనమీదే ఆ మంత్రం వేసిపోయిందని ఆమెకు తెలియదు. ఆమె ప్రాణం పోతే తప్ప ఆ నిద్ర వదలదు. సంగతి తెలిసిన మెర్లిన్ నీళ్లలో విషం కలిపి ఇస్తాడు. ఇచ్చినవాడు స్నేహితుడు కదా, తాగేస్తుంది. గొంతు బిగుసుకుంటుంది. ఊపిరందక అతని ముఖంలోకి చూస్తుంది. అతను ఆమెను గుండెకు పొదువుకుని ఏడుస్తాడు.

‘మెర్లిన్’ సీరియల్ రెండో సీజన్ చివర్లో వచ్చే ఘట్టమిది. బీబీసీలో 2008 సెప్టెంబరు నుంచి 2012 డిసెంబరు దాకా ఐదు సీజన్లుగా, 65 ఎపిసోడ్లుగా వచ్చిన ఈ ఆర్థర్ రాజు కథను పూజ సెలవుల్లో మా అమ్మాయితో కలిసి మొదటినుంచి చివరిదాకా చూశాను. విషం మింగిన మోర్గానాను మోర్గాస్ తీసుకుపోతుంది. మూడో సీజన్ మొదలయ్యేసరికి ఏడాది గడిచిపోయి ఉంటుంది. మోర్గానా తిరిగొస్తుంది. పెంచిన రాజు ఊథర్ ముందు కన్నీళ్లు, అతను అటు తిరగ్గానే పెదవి చివర ఒక నవ్వు. నిన్నటిదాకా అమాయకుల ప్రాణాలకు అడ్డుపడిన పిల్ల ఇప్పుడు రాజ్యాన్నే కూల్చడానికి సిద్ధం. మా అమ్మాయి అక్కడ ఆపేసి అడిగింది: “నాన్నా, ఆ ఏడాది ఏమైంది?”

వారం రోజులైంది, ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మోర్గానా ఎలా పెరిగిందో చూడండి. మంత్రవిద్య తెలిసినవాళ్లు కనిపిస్తే తల తీయించే ఊథర్ ఇంట్లో పెరిగింది. డ్రూయిడ్ తెగ పసివాడు మోర్డ్రెడ్‌ను తన గదిలోనే దాచి కాపాడింది. రాత్రిళ్లు పీడకలలు. ఆ కలలు నిజమవుతుంటే తనలోనూ ఆ శక్తి ఉందేమోనని హడలు. వైద్యుడు గాయస్‌కు విషయం తెలుసు, నిద్రమందిచ్చి పంపేస్తాడు. మెర్లిన్‌కు ఇంకా బాగా తెలుసు, అతనూ అదే శక్తిని దాచుకుని బతుకుతున్నవాడు. నేనూ నీలాంటివాణ్నే అన్న మాట అతని నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. రెండు సీజన్ల పాటు ఇంత ఓపిగ్గా కట్టెలు పేర్చారు. నిప్పంటుకునే క్షణంలో తెర దించేశారు. మంట ఎగసిన తర్వాత మళ్లీ ఎత్తారు.

మోర్గానాగా వేసిన కేటీ మెగ్రాత్ నటనలో లోపం లేదు. ఆ రెండో సీజన్‌లో ఆమె కళ్లలోని బెదురు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆమెకు రావలసిన ఘట్టాన్ని రాసినవాళ్లే ఆమెకు ఇవ్వలేదు. ఏడాదంతా అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు. కళ్లు తెరిచి, తనకు విషమిచ్చింది ఎవరో విని, ముందు కొట్టిపారేసి, తెల్లవారేసరికి నమ్మక తప్పని రాత్రి. అది చూసి ఉంటే ఆమె తర్వాత చేసిన ప్రతి ఘోరం దగ్గరా మన ప్రాణం కొట్టుకునేది. అది లేక, ఆమె నవ్వు చూసి విసుగొస్తుంది. మూడో సీజన్‌లోనే తాను ఊథర్ సొంత కూతురినని ఆమెకు తెలుస్తుంది. అంత పెద్ద దెబ్బ కూడా, అప్పటికే మారిపోయిన మనిషికి తగిలింది కాబట్టి, సగమే తగిలింది.

ఆర్థర్ కథలో మోర్గానా శత్రువేనని లోకమంతటికీ తెలుసు, ఇక చూపించేదేముంది అనొచ్చు ఎవరైనా. కురుక్షేత్రం నాటకానికి మనవాళ్లు తెల్లవార్లూ చాపల మీద కూర్చునేది కర్ణుడు బతుకుతాడేమోనని కాదు. సభలో అవమానం మింగినవాడు స్నేహం చేసినవాడికి ఎలా కట్టుబడిపోయాడో, కుంతి వచ్చి అడిగినప్పుడు ఏమన్నాడో, అడుగు అడుగూ చూడాలి మనకు.

పైగా పాత కథ మోర్గానాను ఇంత గిరిగీసి శత్రువుగా ఉంచనే లేదు. మాలరీ రాయగా కాక్స్‌టన్ 1485లో అచ్చువేసిన పుస్తకంలో ఆమె పేరు మోర్గన్, తమ్ముడు ఆర్థర్ మీద కుట్రలు పన్నుతుంది. అయినా చివర్లో, గాయపడిన ఆర్థర్‌ను అవలాన్‌కు తీసుకెళ్లే పడవలో నల్ల ముసుగు వేసుకుని కూర్చున్న రాణుల్లో ఆమె ఉంటుంది. సీరియల్‌లో ఆమెను మెర్లిన్ కత్తితో పొడిచి చంపుతాడు. పడవలో ఆర్థర్ ఒంటరిగా వెళ్లిపోతాడు.

అదే సీరియల్ మోర్డ్రెడ్ విషయంలో ఎంత బాగా చేసిందో చూస్తే బాధ ఇంకా ఎక్కువవుతుంది. ఐదో సీజన్‌లో అతను ఆర్థర్ కొలువులో నమ్మకమైన వీరుడు. అతను ఆర్థర్‌ను చంపుతాడని మెర్లిన్‌కు ముందే తెలుసు. గాయపడిన మోర్డ్రెడ్ ప్రాణం దక్కాలంటే మంత్రవిద్యను రాజ్యంలోకి రానివ్వాలా అని ఆర్థర్ అడిగితే, మోర్డ్రెడ్ పోతాడన్న ఆశతో మెర్లిన్ వద్దంటాడు. జీవితమంతా ఏ రోజు కోసం ఎదురుచూశాడో ఆ రోజును తన చేత్తోనే తోసేస్తాడు. మోర్డ్రెడ్ బతుకుతాడు. తర్వాత అతను ప్రేమించిన కారాకు ఆర్థర్ ఉరి వేయిస్తాడు. ఆ కుర్రాడు ఎంత బతిమాలుకున్నాడో చూశాం, ఏ క్షణంలో అతని లోపల తెగిపోయిందో చూశాం. అతన్ని నేను తిట్టుకోలేకపోయాను. మొదటి ఎపిసోడ్‌లో పనివాడి చేత గురిబల్ల మోయించి కత్తులు విసిరిన ఆర్థర్ కూడా, కమ్మరి కూతురు గ్వెన్‌ను రాణిని చేసుకునేదాకా మన కళ్లముందే ఎదిగాడు. మోర్గానాకు మాత్రం ఆ మర్యాద దక్కలేదు.

ఖరగ్‌పూర్‌లోని ఇందాలో ఉండి ఇది రాస్తున్నాను కాబట్టి ఇంకో ఆడమనిషి గుర్తురాక తప్పదు. మా ఇందాలోనే ఖడ్గేశ్వర శివాలయం ఉంది. ఖరగ్‌పూర్‌కు ఆ పేరు ఈ స్వామివల్లే వచ్చిందంటారు. ఆ గుడి దగ్గరి మెరకే హిడింబ డాంగా అని, భీముడు హిడింబాసురుణ్ని చంపింది అక్కడేనని ఇక్కడి బెంగాలీ పెద్దల మాట. అక్కడా ఇలాంటి నిద్రే. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న తల్లీ కొడుకులు చెట్టు కింద పడి నిద్రపోతున్నారు, భీముడొక్కడే మేలుకుని ఉన్నాడు. వాళ్లను తినడానికి తెమ్మని అన్న పంపితే చెల్లెలు హిడింబి వచ్చింది. చంపవలసినవాణ్ని చూసి మనసుపడింది. రూపం మార్చుకుందిగానీ మాట మార్చలేదు. మా అన్న పంపితే వచ్చానని భీముడికి నిజం చెప్పింది. కుంతి లేచి ఎవరమ్మా నువ్వు అంటే మళ్లీ అదే నిజం చెప్పింది. అన్న చచ్చాక నిన్నూ చంపుతానని భీముడు లేస్తే ధర్మరాజు అడ్డుపడ్డాడు. ఆమె కుంతికి చేతులు జోడించింది. పగలంతా భీముడితో ఉండొచ్చు, పొద్దుగూకేసరికి తిరిగి అప్పగించాలి అన్న షరతు మీద పెళ్లయింది. ఒక రాత్రిలో రాక్షసి కోడలైన కథలో ఒక్క మెట్టు కూడా దాటెయ్యలేదు. ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ని చూసి మురిసిపోయే మనకు, ఆ కొడుకు వెనక ఈ తల్లి పడిన తర్జనభర్జన ఉంది.

మారిన మనిషి అంటే ఏమిటో మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి వర్క్‌షాప్‌కు వచ్చిన కుర్రాళ్లలో మా తాత ఒకడు. ఏడాది తర్వాత సంక్రాంతికి ఊరెళ్తే, పంచె పోయి పంట్లాం వచ్చింది, మాటల మధ్య హిందీ వచ్చింది, పొలంగట్టు మీద నడుస్తుంటే అలవాటు తప్పి కాలు జారింది. అరుగుల మీద కూర్చున్నవాళ్లు మారిపోయాడ్రా అన్నారు, మాట తగ్గించేశారు. వాళ్లకు కనిపించింది వెళ్లినవాడు, వచ్చినవాడు.

మా తాత చెప్పేవాడు, వాళ్లమ్మ మాత్రం ఆ రాత్రి అందరూ పడుకున్నాక, కుంపటి దగ్గర పీట వాల్చి కూర్చోబెట్టిందట. అరచేయి తిప్పి చూసి, కాలిన మచ్చ మీద వేలు పెట్టిందట. “రైలు దిగిన రోజు నుంచి చెప్పరా. ఆ రోజు అన్నం ఎవరు పెట్టారు?”

— ఎస్. ఆర్., ఇందా