మామిడి చిగురు ఎరుపు తెగులు కాదు



దామలచెరువు, బంగారుపాళ్యం తోటల్లో మామిడి చిగురించినప్పుడు లేతాకులు రాగిరంగులోనో ఊదారంగులోనో కనిపిస్తాయి. "ఆకు ఎర్రబడింది, మందు కొట్టాలా?" అని సంఘస్థులు మమ్మల్ని అడుగుతుంటారు.

అది తెగులు కాదు. ఆ రంగు ఆంథోసయనిన్ అనే పదార్థానిది. నేరేడు పండుకూ వంకాయ తోలుకూ రంగునిచ్చేది ఈ కోవకు చెందినదే. లేతాకుకు తీక్షణమైన ఎండను తట్టుకునే శక్తి తక్కువ. ఈ రంగు దానికి గొడుగులా కాపు కాస్తుంది. దీన్ని తయారుచేయించే జన్యువులు ప్రతి ఆకులోనూ ఉంటాయి. లేతదశలో అవి చురుకుగా పనిచేస్తాయి. ఆకు ముదిరేకొద్దీ మందగిస్తాయి, పత్రహరితం నిండుతుంది. ఐరోపాలో పెంచే ఊదా బీచ్ చెట్టులో ఆ పని అంత త్వరగా ఆగదు. అందుకే దాని ముదురాకులు కూడా ఊదాగానే ఉంటాయి.

కనుక చిగురు ఎర్రగా ఉన్నంత మాత్రాన అప్పుచేసి మందు కొట్టకండి. కొన్ని వారాలు ఓపిక పట్టండి. అయితే లేతాకులు కత్తిరించినట్టు రాలుతున్నా, మచ్చలు పడుతున్నా, ముదిరిన ఆకులే ఎర్రబడుతున్నా ఆలస్యం చేయక ఒక కొమ్మ తుంచి ఉద్యానశాఖ అధికారికి చూపండి. అనవసరమైన మందుకు పోయే డబ్బు పిల్లల చదువుకు మిగులుతుంది.