‘ఆ సైజు రాదమ్మా’

గద్వాలలో అడిగినా, వనపర్తిలో అడిగినా, నాగర్‌కర్నూలులో అడిగినా చిన్న పాదాల స్త్రీకి చెప్పుల దుకాణంలో దొరికే జవాబు ఒకటే: ‘ఆ సైజు రాదమ్మా, పిల్లల సెక్షన్లో చూడండి.’ నలభై దాటి, మోకాళ్లు అరిగి, డాక్టరు సైకిల్ తొక్కమన్నారని బూట్లు వెతుక్కుంటున్న మనిషిని పిల్లల అరల వైపు పంపటం ఎవరికీ వింతగా తోచదు. ఆమె కూడా సిగ్గుపడి, తన పాదంలోనే ఏదో లోపం ఉందనుకుని తిరిగొస్తుంది.

ఈ జిల్లాల నుంచి చదువులకీ ఉద్యోగాలకీ హైదరాబాదు వెళ్లిన ఆడవాళ్లకు ఇదే సమస్య ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడి జిమ్ముల్లో స్పిన్ క్లాసులుంటాయి. కదలని సైకిళ్ల మీద పదిమందీ కూర్చుని, పాట వేగానికి తగ్గట్టు తొక్కే వ్యాయామం. దానికి గట్టి అడుగున్న బూటు కావాలి. అడుగున బిగించిన క్లీట్ అనే ముక్క పెడల్‌లో ఇరుక్కుంటుంది. అది సరిగ్గా వేళ్ల మొదళ్ల కిందికి రావాలి. స్త్రీల సైక్లింగ్ బూట్లు సాధారణంగా యూరప్ కొలతలో 36 దగ్గర మొదలవుతాయి, అంటే దాదాపు 23 సెంటీమీటర్ల పాదం. మీ పాదం ఇరవై ఒకటిన్నర అయితే? పెద్ద బూటులో క్లీట్ వేళ్ల కిందికి జారుతుంది, మడమ లేస్తుంది, పిక్క మీదా మడమ నరం మీదా భారం పడుతుంది. ఈ సైకిల్‌కి బరువైన చక్రం ఉంటుంది కాబట్టి కాలు ఆపినా పెడల్ వెంటనే ఆగదు. వదులు బూటు జారితే పెడల్ వచ్చి ముంగాలికి కొట్టుకుంటుంది. పిల్లల బూటు కొనుక్కోమంటారా? దాని అడుగు మెత్తన, క్లీట్ బిగించే రంధ్రాలే ఉండవు.

‘పొలంలో చెప్పుల్లేకుండా నడిచే ఆడవాళ్లున్న చోట జిమ్ము బూట్ల గొడవేమిటి?’ అని మన సంఘాల్లోనే కొందరు మిత్రులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న స్త్రీలకు రెండే స్థానాలిస్తుంది: కష్టపడే శరీరం, లేదా విలాసాల శరీరం. తన ఆరోగ్యం కోసం, తన సంతోషం కోసం ఒళ్లు కదిలించుకునే శరీరం ఈ లెక్కలో లేదు. 2022 పరిస్థితి మీద లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అంచనాలో మనదేశంలో చాలినంత శారీరక శ్రమ లేని పురుషులు 42 శాతమైతే, స్త్రీలు 57 శాతం. ‘ఆడవాళ్లకి ఇంటి పనే వ్యాయామం’ అనే మాటకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

పైగా పొలంలో ఉన్న స్త్రీకీ జిమ్ములో ఉన్న స్త్రీకీ బూటు దొరకకపోవటానికి కారణం ఒకటే. గద్వాల ప్రాంతం సీడు పత్తికి పేరు మోసింది. సాయంత్రం మొగ్గలోని పుప్పొడి తీసెయ్యాలి, మర్నాడు పొద్దున పువ్వుపువ్వుకీ చేత్తో పుప్పొడి అంటించాలి. ఈ క్రాసింగ్ పనికి ఆడపిల్లల్నే ఏరి కోరి పెట్టుకున్నారని, వాళ్ల చదువులు అక్కడే ఆగిపోయాయని దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 2000ల తొలి ఏళ్ల నుంచీ నమోదు చేస్తూ వచ్చారు. అందుకు చెప్పిన సాకు ‘చిన్న చేతులు, చురుకైన వేళ్లు’. చిన్న చేతులు అంత విలువైనవైతే ఆ మనుషుల చిన్న పాదాలు ఎవరికీ ఎందుకు కనపడలేదు? 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల్లో రక్షణ దుస్తులతో పాటు బూట్లు కూడా ఉన్నాయి. మందు కొట్టిన చేలో రోజంతా తిరిగే స్త్రీల కాళ్లకు హవాయి చెప్పులుంటే గొప్ప. రబ్బరు బూట్లు అడిగి చూడండి, మగవాళ్ల కొలతలే చూపిస్తారు. పాము కాటు ఎక్కువగా పడేది మోకాలి కిందే అన్న సంగతి పల్లెలో ఎవరికి తెలియదు?

ఈ కొలతలు ఎవరివి? మన చెప్పుల నంబర్లు బ్రిటిష్ వాళ్లు వదిలివెళ్లినవి. ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఒక బార్లీ గింజ పొడవు. (పాలమూరు జొన్న గింజను ఎవరడిగారు!) ఇన్నేళ్లూ పరాయి పాదాల అచ్చు మీదే మన బూట్లు తయారయ్యాయి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు లక్ష మందికి పైగా పాదాలు కొలిపించి, ‘భా’ అనే కొత్త విధానం ప్రతిపాదించింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పని, స్త్రీల పాదం ఎదుగుదల పదకొండేళ్లకే గరిష్ఠానికి చేరుతుందని, మగవాళ్లకు అది పదిహేను, పదహారేళ్లని అందులో తేలింది. అంటే చిన్నదీ వెడల్పూ అయిన పాదం వెడల్పు కోసం పొడవు బూటు కొంటూ, ఆ వదులుని దూదితో, రెండో మేజోడుతో పూడ్చుకుంటోంది. ఇది మన సర్దుబాటు కళల్లో ఒకటి. దీన్ని మెచ్చుకోవటం ఇక చాలు.

కొలిచి కుట్టే విద్య మనకు లేక కాదు. మాదిగలు కాలు తోలు మీద పెట్టించి, గీత గీసి కిర్రు చెప్పులు కుట్టేవారు. ఆ చెప్పుకి నంబరు లేదు, ‘రాదు’ అనే మాటా లేదు. అయితే ఆ రోజుల్ని పొగడటానికి నాకు నోరు రాదు. కుట్టిన మాదిగ స్త్రీ వట్టి కాళ్లతో నడిచింది, ఊరి పెద్దల వాకిలి ముందు ఆ కులాల వాళ్లు చెప్పులు చేత పట్టుకోవలసి వచ్చింది. పాదానికి తొడుగు అనేది మనదేశంలో ఎన్నడూ కేవలం అవసరం కాలేదు, హోదా అయింది.

‘గిరాకీ లేదు’ అనేది వ్యాపారి ఆఖరి మాట. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో వేలాది స్త్రీలు సైకిల్ నేర్చుకున్నప్పుడు లేడీస్ సైకిళ్లు చాలలేదు. వాళ్లు మగవాళ్ల సైకిళ్లెక్కారు. అంతకుముందు అక్కడా గిరాకీ లేదనే చెప్పి ఉంటారు. చూపించని వస్తువుని ఎవరడుగుతారు?

కాబట్టి అడగటం నేర్చుకోవాలి. కస్తూర్బా విద్యాలయాలకీ గురుకులాలకీ ఆటల బూట్లు కొనే ముందు ఆ పిల్లల పాదాలు కొలవాలని, పొడవుతో పాటు వెడల్పు కూడా టెండరులో రాయాలని జిల్లా అధికారుల్ని అడగాలి. సీడు కంపెనీల్నీ ఆర్గనైజర్లనీ స్త్రీల కొలతల్లో బూట్లివ్వమని అడగాలి. ఫీజు తీసుకునే జిమ్ము చిన్న సైజు బూట్లు నాలుగు జతలైనా ఉంచాలి. అవి వచ్చేదాకా, స్పిన్ సైకిల్ పెడల్‌కి చాలావాటికి రెండో వైపు పట్టీ ఉన్న బుట్ట ఉంటుంది, గట్టి అడుగున్న మామూలు బూటుతో అందులో తొక్కవచ్చు. ట్రైనర్ ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

ఈసారి సంఘం మీటింగుకి వచ్చినవాళ్లందరి పాదాలూ కొలవండి. సాయంత్రం పూట కొలవాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. గోడకి మడమ ఆనించి, కాగితం మీద రెండు కాళ్లూ గీసి, పొడవూ వెడల్పూ సెంటీమీటర్లలో రాయండి. పేర్లు వద్దు. వయసు, చేసే పని, ఇప్పుడు తొడుక్కుంటున్న నంబరు చాలు.