విజిల్ ఎవరి చేతిలో?



పోర్టులో బొగ్గు ఎత్తినోళ్లం మనం. ఉక్కు ఫ్యాక్టరీకి ఊళ్లు ఒదులుకున్నోళ్లలో మనమూ ఉన్నాం. మల్కాపురం, గాజువాక పేటల్లో మన గుంటలు ఉత్తికాళ్లతో బంతి తన్నుతారు. పరుగు మనది, చెమట మనది, విరిగే కాలూ మనదే. మరి విజిల్ ఎవరి చేతిలో ఉంది?

కిందటేడు మా పేట పోటీల్లో కప్పు ఇచ్చిన పెద్దమనిషి కొడుకే రిఫరీ. మావోడు త్రో అందుకుని గోలు కొడితే ఆఫ్‌సైడ్ అని కొట్టేశాడు. అరిచాం, తిట్టాం, ఓడి ఇంటికొచ్చాం. తర్వాత తెలిసింది: త్రో నుంచి నేరుగా అందిన బంతికి ఆఫ్‌సైడే లేదు! 11వ సూత్రంలో రాసే ఉంది. చదివినోడు మనలో ఒక్కడూ లేడు.

ఇది పాత కథే. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండు వెళ్లి వందకు పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం అతనికి ఇవ్వలేదు. తమ్ముడు విఠల్‌కి 1923లో దక్కింది, అదీ అన్నదమ్ములు ఎదురుతిరిగాకే. మన చేతికి బంతి ఇస్తారు, పెత్తనం ఇవ్వరు!

ఫుట్‌బాల్‌కు 17 సూత్రాలు. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగ అధికరణమూ 17వదే. ఆ 17 పట్టుకుని కొట్లాడాం. ఈ 17 ఎందుకు ఒదలాలి? రచ్చబండ మీద తీర్పు చెప్పనివ్వలేదు మనల్ని. మైదానంలో జరిగినదానిపై రిఫరీ మాటే చివరి మాట అంటుంది 5వ సూత్రం. కులం అడిగే సూత్రం ఒక్కటీ లేదు.

ఏటి చెయ్యాలి? జిల్లా ఫుట్‌బాల్ సంఘానికి వెళ్లి రిఫరీ శిక్షణ ఎప్పుడని అడగండి. సూత్రాల మీద పరీక్ష, ఆపైన పరుగు పరీక్ష. అంతర్జాతీయ రిఫరీలైతే 75 మీటర్లు పరుగు, 25 మీటర్లు నడక, ఇలా 40 సార్లు చెయ్యాలి. మొదట బడిపిల్లల మ్యాచ్‌లు, గీత పక్కన జెండా. తర్వాత రాష్ట్రం, దేశం. చెల్లెళ్లూ రండి! 2022 ప్రపంచ కప్‌లో మగవాళ్ల మ్యాచ్‌కి స్టెఫానీ ఫ్రపార్ విజిల్ ఊదింది.

ఇది కూడు పెడుతుందా అంటారు. మన జిల్లాల్లో ఇది నెలజీతం కాదు, మ్యాచ్‌కింత భత్యం. నిజమే. కానీ తీర్పు వినే అలవాటున్నోడు తీర్పు చెప్పడం నేర్చుకుంటే, ఆ గొంతు మైదానం దాటి ఊళ్లోకీ వస్తుంది.

మా డిమాండ్లు: శిక్షణ తెలుగులో పెట్టాలి. పేటల్లో పెట్టాలి. పేదపిల్లల దగ్గర ఫీజు తీసుకోరాదు. ఏ మ్యాచ్ ఎవరికిచ్చారో గోడ మీద అంటించాలి.

పేటకి ఇద్దరు. ఈ ఏడే.

జై భీమ్!